ముప్పైకి ముప్పై

"ఇందాక మీకు ఐదు మాటలు చెప్పాను కదా టీచరమ్మా, అవేమిటో ఇప్పుడు చెప్పండి," అంది కౌన్సెలరు అమ్మాయి మైకులో.

హాలు కిక్కిరిసి ఉంది. ముందు వరసలో ఇద్దరు విలేకరులు, ఒక కెమెరా. వేదిక మీద టీచరమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని, పిల్లల హాజరు తీసుకోబోతున్నదానిలా నిటారుగా కూర్చుని ఉంది. బళ్ళో పాఠాలు చెప్పడం మానేసి ఎన్నేళ్ళయినా ఆ పిలుపు మాత్రం ఆవిడను వదల్లేదు. మతిమరుపు జబ్బు మీద పోరాడటానికి పెట్టిన సంఘానికి పదిహేనేళ్ళుగా ఆవిడే అధ్యక్షురాలు. జ్ఞాపకశక్తి పరీక్షంటే జనం బెదిరిపోతారని, ఏటా వారోత్సవాల మొదటిరోజు సంఘం పెద్దలే అందరి ఎదుటా ఆ పరీక్ష చేయించుకోవడం అక్కడి ఆనవాయితీ. మొదట టీచరమ్మ. ఆవిడకు ముప్పైకి ముప్పై వస్తాయి. చప్పట్లు కొడతారు. తర్వాత టీ ఇస్తారు.

సంఘం కార్యదర్శి వేదిక పక్కన నిలబడి చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకున్నాడు.

"గొడుగు," అంది టీచరమ్మ. "నిమ్మకాయ. రైలు. దువ్వెన. ఊదారంగు."

గుక్క తిప్పుకోకుండా చెప్పి, ఇక కానివ్వమన్నట్టు తలాడించింది.

చప్పట్లు మోగలేదు. కౌన్సెలరు అమ్మాయి చేతిలో కాగితం వంకా, టీచరమ్మ వంకా మార్చి మార్చి చూసింది. ఐదు నిమిషాల కిందట ఆ అమ్మాయి మైకులో చదివిన మాటలు వేరు. చేప, దారం, వంతెన, గంట, తెలుపు. హాల్లో ఉన్న నూట ఇరవై మందీ విన్నారు. వెనక వరసలో ఎవరో వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నారు కూడా.

"ఇంకొక్కసారి ఆలోచించండి టీచరమ్మా. మొదటిది నీళ్ళలో ఉంటుంది."

"నీళ్ళలో గొడుగెందుకుంటుందమ్మా?"

హాలంతా నవ్వింది. టీచరమ్మా నవ్వింది. అంతలో ముందు వరసలో కూర్చున్న డాక్టరు ముఖం ఆవిడ కంటపడింది. డాక్టరు నవ్వడం లేదు. టీచరమ్మ పెదాల మీద నవ్వు అలాగే ఉండిపోయింది గానీ కళ్ళు మాత్రం ఒక్కో వరసే వెతకడం మొదలుపెట్టాయి.

"చెప్పానుగా," అంది ఈసారి నెమ్మదిగా. "గొడుగు, నిమ్మకాయ..."

కెమెరాలో ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. కార్యదర్శి ఒక్క అంగలో వేదిక ఎక్కి, అమ్మాయి చేతిలోంచి మైకు లాక్కున్నంత పని చేశాడు.

"చూశారా!" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "జబ్బు మొదట్లో మనిషి ఎంత మామూలుగా ఉంటారో, ఎంత ధీమాగా తప్పు చెబుతారో మన టీచరమ్మ కళ్ళకు కట్టినట్టు చేసి చూపించారు! ఈ ఏడు కొత్తగా ఉండాలని మేమే అనుకున్నాం. గట్టిగా చప్పట్లు కొట్టండి!"

పదిహేనేళ్ళలో ఎన్నడూ లేనంతగా మోగాయి చప్పట్లు. ఒక విలేకరి "భలే చేశారండీ" అని బొటనవేలు ఎత్తి చూపించాడు. కార్యదర్శి టీచరమ్మ చెయ్యి పట్టుకుని లేవదీశాడు. మెట్లు దిగుతూ ఆవిడ ఆయన చెవి దగ్గరకు వంగింది.

"నాకు వేరే మాటలు చెప్పారా తమ్ముడూ?"

"అబ్బే, ఏం లేదక్కయ్యా. పదండి, టీ తాగుదాం," అన్నాడు.

మేడమీద సంఘం ఆఫీసంటే రెండు గదులు, ఒక బీరువా, ఆరు కుర్చీలు. మధ్యాహ్నం ఆ ఆరు కుర్చీల్లో నాలుగింటి మీద కార్యదర్శి, డాక్టరు, టీచరమ్మ కూతురు, కౌన్సెలరు అమ్మాయి కూర్చున్నారు. టీచరమ్మను కిటికీ పక్కన వేసిన ఐదో కుర్చీలో కూర్చోబెట్టి చేతికి పత్రిక ఇచ్చారు. గది అంత చిన్నది కాబట్టి ఇక్కడ మాట్లాడింది అక్కడికి వినపడకుండా ఉండే వీల్లేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టినా ఎవరూ పట్టించుకోలేదు.

"స్కానింగు చేస్తే గానీ గట్టిగా చెప్పలేను," అన్నాడు డాక్టరు గొంతు తగ్గించి. సంఘానికి ఉపాధ్యక్షుడు ఆయనే. "కానీ ఐదు మాటల్లో ఒక్కటీ అందలేదు. అందకపోతే అందకపోయిందనుకుందాం. వాటి జాగాలో ఏటా చెప్పే పాత మాటలు వచ్చి కూర్చున్నాయి, అదీ ఆవిడకు తెలియలేదు. నాకైతే అనుమానం లేదు."

"అమ్మ ఇంట్లో బాగానే ఉంటుంది మామయ్యా," అంది కూతురు కార్యదర్శితో. అమ్మ ఆయన్ను తమ్ముడంటుంది కాబట్టి ఈమెకు ఆయన మామయ్య. "పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగించింది, అంతే. పాలు ఎవరు పొంగించరు?"

కౌన్సెలరు అమ్మాయి కాస్త నీళ్ళు నమిలి, "సార్, నేను చేరిన మొదటి వారమే మీకు చెప్పాను," అంది. "ఒకే మనిషికి మళ్ళీ మళ్ళీ పరీక్ష చేసేటప్పుడు మాటలు మార్చాలని మా ట్రైనింగులో చెప్పారు. మీరేమో పాత కాగితాలు ఇంకా రెండు కట్టలున్నాయి, అవి అయిపోనివ్వమన్నారు. పోయిన వారమే అయిపోయాయి. అందుకని కొత్తవి తెచ్చాను."

"ఇప్పుడు కాగితాల గొడవెందుకమ్మా," అన్నాడు కార్యదర్శి విసుగ్గా. ఉద్యోగమంతా రికార్డు గదిలో గడిపిన మనిషి. కాగితం వృథా కావడమంటే ఆయనకు అన్నం పారబోసినట్టే ఉంటుంది. "శుక్రవారం సంగతి చెప్పండి ముందు."

శుక్రవారమే అందరి పీకల మీదా ఉంది. ఆ రోజు ఉదయం పది గంటలకు సంఘానికి కొత్త భవనం అప్పగిస్తున్నారు. జబ్బు మనుషులు పగలంతా ఉండటానికి పన్నెండు గదులు, వెనకాల తోట. ఎనిమిదేళ్ళు కాళ్ళరిగేలా తిరిగితే వచ్చిన భవనం. తాళాలు అధ్యక్షురాలి చేతిలో పెడతారు, ఆవిడ మాట్లాడాలి, కాగితాల మీద సంతకం చేయాలి.

"అక్కడ ఇలాగే జరిగితే?" అన్నాడు డాక్టరు. "మతిమరుపు సంఘానికి మతిమరుపు ప్రెసిడెంటని రాసి పారేస్తారు. సంతకం చెల్లదంటారు. భవనం ఇచ్చేవాళ్ళు వెనక్కి తగ్గినా తగ్గుతారు."

"ఇవాళ్టిది నటన అనేశాను," అన్నాడు కార్యదర్శి. "ఇంకోసారి అనలేను."

అరగంటలో అంతా తేలిపోయింది. ఆరోగ్యం బాగాలేక టీచరమ్మ తప్పుకుంటుంది. ఏ ఆరోగ్యమని అడిగితే మోకాళ్ళు. శుక్రవారం డాక్టరు తాళాలు అందుకుంటాడు. రాజీనామా ఉత్తరం కార్యదర్శి రాసి తీసుకెళ్తాడు. కూతురు లేచి వెళ్ళి, కిటికీ పక్కన అమ్మ కుర్చీకి వేలాడుతున్న చేతిసంచీ తెరిచి స్కూటరు తాళాలు, ఫోను తీసి తన సంచీలో వేసుకుంది.

"నా సంచీలో ఏం కావాలో నన్నడిగితే ఇస్తానుగా," అంది టీచరమ్మ.

కూతురు ముక్కు ఎగబీల్చుకుంటూ జిప్పు మూసేసింది. కార్యదర్శి ఆ మాట విన్నాడు. విని, బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు.

బుధవారం ఉదయం ఆయన ఉత్తరం తీసుకుని టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు. రెండు అంతస్తులు ఎక్కేసరికి ఆయన మోకాళ్ళే కలుక్కుమన్నాయి. తలుపు తీసిన కూతురి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆఫీసుకు సెలవు పెట్టిందట. ఆయన్ను లోపల కూర్చోబెట్టి, స్కానింగుకు టైము అడగాలంటూ ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళింది.

ఇల్లంతా చీటీలు. బీరువా మీద 'బట్టలు', డబ్బాల మీద 'టీపొడి', 'పంచదార', స్నానాలగది తలుపు మీద 'స్నానాలగది'. గ్యాస్ పొయ్యికి గుడ్డ కప్పి 'ముట్టుకోవద్దు' అని ఎర్రసిరాతో రాసి పెట్టారు.

"నిన్నటి నుంచి నా ఇల్లు కిరాణా కొట్టయిపోయింది," అంది టీచరమ్మ. "ఇంకా నయం, నా నుదుటి మీద 'అమ్మ' అని అంటించలేదు. ఏం తెచ్చావు తమ్ముడూ?"

ఆయన దారిపొడవునా నాలుగు మాటలు కూర్చుకున్నాడు. ఒక్కటీ నోటికి రాలేదు. ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టి పెన్ను మూత తీసి ఉంచాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, పిల్లల జవాబు పత్రం దిద్దుతున్నంత శ్రద్ధగా మొదటి వాక్యం నుంచీ చదివింది. ఒకచోట వేలు ఆపింది.

"మోకాళ్ళా?"

"అందరూ ఏదో ఒకటి అడుగుతారు కదక్కయ్యా. మర్యాదగా ఉంటుందని..."

టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచింది, కూర్చుంది. మూడోసారి లేచి చేతులు చాచి నిలబడింది.

"ఎక్కడన్నా కటుక్కుమందా? నా ఒంట్లో గట్టిగా పనిచేసేవి ఇవే. వాటి మీద నిందేస్తావా?" అని నవ్వి, కూర్చుని, కాగితం వెనక్కి ఇచ్చింది. "తప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. ఉన్న కారణం రాయి, ఇప్పుడే సంతకం పెడతా."

కార్యదర్శి నోరు వెళ్ళబెట్టాడు.

"అంటే... మీకు..."

"తెలుసు. ఏడాదిన్నర అయింది."

"ఏడాదిన్నరా? మరి మాకు ఒక్క మాట చెప్పలేదేం అక్కయ్యా?" ఆయనకు కోపమే వచ్చింది. దుఃఖం ముందు వచ్చే కోపం. "పదిహేనేళ్ళ నుంచి ఊరందరికీ చెబుతున్నామే, దాచకండి, తొందరగా చెప్పండి అని! మీరే దాచితే ఎలా?"

టీచరమ్మ లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. సొరుగులు తెరిచి మూస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఒకసారి బయటికి వచ్చి, ఎందుకు వచ్చిందో తెలియనట్టు నిలబడి, మళ్ళీ వెళ్ళింది. చివరికి ఒక నోటుపుస్తకం, అందులో మడిచిపెట్టిన కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన మడత విప్పాడు. సంఘం పరీక్ష కాగితం. పైన టీచరమ్మ పేరు. గడియారం బొమ్మ ముచ్చటగా ఉంది. వందలోంచి ఏడేసి తీసివేతలు సరిగ్గా ఉన్నాయి. ఐదు మాటల ఎదుట ఐదు టిక్కులు. కింద ముప్పైకి ముప్పై. దాని కింద నీలిసిరా ముద్ర: 'భయపడవలసినది ఏమీ లేదు'. పదే పదే రాయలేక ఆయనే చేయించుకున్న రబ్బరు ముద్ర అది. ముద్ర పక్కన ఆయన సంతకం, తేదీ. పద్దెనిమిది నెలల కిందటి తేదీ.

"ఇది... ఎప్పుడు..."

"నీకు గుర్తు లేదు కదూ," అంది టీచరమ్మ. మాటలో ఎత్తిపొడుపు లేదు. నోటుపుస్తకం తెరిచి చదివింది. "మంగళవారం. వాన. ఆఫీసు మెట్ల మీద తమ్ముడికి చెప్పాను. మాట్లాడుతుంటే మధ్యలో మాటలు జారిపోతున్నాయని, నిన్న బస్సు దిగి ఇల్లు ఎటో తెలియక అరగంట నిలబడ్డానని. తమ్ముడు బ్యానర్లు తడవకుండా లోపల పెట్టిస్తున్నాడు. నిజంగా జబ్బున్నవాళ్ళు తమకుందని చెప్పరక్కయ్యా, మీరు చెబుతున్నారంటే లేనట్టే అన్నాడు. నేను వదల్లేదు. సరే రండి అని పరీక్ష చేశాడు. ముప్పై వచ్చాయి. ముద్ర వేసి ఇచ్చాడు."

జబ్బున్నవాళ్ళు తమకుందని చెప్పరన్న మాట తనదే. ప్రతి సభలోనూ అంటాడు. జనం తలలూపుతారు కూడా. కానీ ఆ మంగళవారం మాత్రం ఆయన బుర్రలో ఎంత తవ్వినా దొరకలేదు. వాన దొరికింది, తడిసిన బ్యానరు దొరికింది. మెట్ల మీద నిలబడి భయపడుతున్న మనిషి దొరకలేదు.

"రాసి పెట్టుకున్నాను కాబట్టి నాకు గుర్తుంది," అంది టీచరమ్మ. "లేకపోతే నీలాగే మరిచిపోయేదాన్ని."

"ఆ మాటలు మనం ఎంచినవే కదక్కయ్యా," అన్నాడాయన, ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు. "ఆఫీసు బల్ల దగ్గర కూర్చుని. మీకు అవి నోటికి రావా మరి?"

"నా పేరన్నా మరిచిపోతానేమో గానీ నిమ్మకాయను మరిచిపోతానా? పదిహేనేళ్ళలో ఎన్ని వేలసార్లు చదివి ఉంటాను! ఆ సంగతి నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. ముద్ర చూసుకుని ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను. పరీక్షను నమ్మండని ఊరందరికీ చెప్పినదాన్ని, నేను నమ్మకపోతే ఎలా? ఆ తర్వాత ఇంకా రెండుసార్లు దారి తప్పాను. అప్పుడర్థమైంది. కానీ మళ్ళీ నీ దగ్గరికి రావాలంటే సిగ్గేసింది. ఏమీ లేదని రాసిచ్చినవాళ్ళ దగ్గరికి మళ్ళీ ఏ ముఖం పెట్టుకుని వస్తాం?"

కార్యదర్శి తల దించుకున్నాడు. ఉతికి ఆరేసినా బాగుండేది. ఆవిడ అలా నెమ్మదిగా చెబుతుంటే ఆయనకు కూర్చున్న కుర్చీ కూడా పరాయిదిలా అనిపించింది.

"ఏడవకు," అంది టీచరమ్మ. "నేను ఆలోచిస్తున్నది నా గురించి కాదు. మొన్నటి నుంచి ఒకటే బెంగ. మళ్ళీ మరిచిపోతానని చేతి మీద రాసుకున్నాను కూడా, చూడు." ఎడమ అరచేయి చూపించింది. పెన్నుతో 'తరగతి వాళ్ళు' అని రాసి ఉంది. "మన జ్ఞాపకాల తరగతికి వచ్చేవాళ్ళకు నేను రోజూ ఏం చెప్పేదాన్ని? ఆ ఐదు మాటలే. చప్పట్లు కొట్టిస్తూ, పాటలా పాడిస్తూ. పిల్లలకు ఎక్కాలు నేర్పినట్టు నేర్పాను. మూడు నెలలకోసారి నువ్వు పరీక్ష పెట్టేవాడివి. మార్కులు పెరిగేవి. మనం మురిసిపోయి స్వీట్లు పంచేవాళ్ళం. నువ్వు నివేదికలో రాసేవాడివి."

"అవును," అన్నాడాయన.

"ఈ జబ్బులో మార్కులు పెరుగుతాయా తమ్ముడూ?"

వరండాలో కూతురు ఫోనులో ఎవరికో అమ్మ వయసు చెబుతోంది. ఇరవై నాలుగు మార్కులొచ్చినవాళ్ళు ఇరవై ఏడుకు, ఇరవై ఏడు వచ్చినవాళ్ళు ఇరవై తొమ్మిదికి ఎలా వెళ్ళారో ఏటా రంగు పటాలు గీసి చూపించింది కార్యదర్శే. మొదట తక్కువ వచ్చినవాళ్ళను తరగతిలో చేర్చుకుని మళ్ళీ పరీక్ష చేయాలి; అందులో ఇరవై ఆరు దాటితే డాక్టరు దాకా పంపనక్కర్లేదు. అది సంఘం నియమం. ఇరవై ఆరు దాటిన ఫైళ్ళు ఆయన దగ్గరే ఆగేవి. ఆయనే ముద్ర కొట్టి మూసేసేవాడు.

రాజీనామా ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే మెట్లు దిగాడు.

గురువారం పొద్దున్నే ఆఫీసు తెరిచి బీరువాలోని ఫైళ్ళన్నీ నేల మీదికి దించాడు. కౌన్సెలరు అమ్మాయి వచ్చేసరికి ఆయన చొక్కా చేతులు మడుచుకుని ఫైళ్ళ మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వు చెప్పినప్పుడు విని ఉండాల్సింది," అన్నాడు తలెత్తకుండా. "కూర్చో. నేను చదువుతా, నువ్వు రాయి. మొదటిసారి తక్కువ వచ్చి, తరవాత ఎక్కువ వచ్చినవాళ్ళు. మార్కులు బాగున్నా ఇంట్లోవాళ్ళో తామో బాధ చెప్పుకున్నవాళ్ళు. ముద్ర పడినవాళ్ళందరూ."

రికార్డు గదిలో ఆయన చేతికి అందని ఫైలు ఉండేది కాదని పేరు. ఆ పేరు ఇప్పుడు పనికొచ్చింది. వంటచేసే ఆవిడ, ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది. ముద్ర. రిటైరైన కండక్టరు, ఇరవై మూడు నుంచి ఇరవై ఏడు. ముద్ర. ఒక దర్జీ, ఇరవై నాలుగు నుంచి ముప్పైకి ముప్పై. ఆ కాగితం మూలన ఆయన చేతిరాతతోనే 'శభాష్' అని కూడా ఉంది. ఒంటిగంటకు లెక్క తేలింది. ఇరవై ముగ్గురు.

అమ్మాయి కలం కింద పెట్టేసింది. "సార్, వీళ్ళకి మందులు మొదలుపెట్టి ఉంటే..." అని ఆగిపోయింది.

కార్యదర్శి డాక్టరుకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఇరవై ముగ్గురా?" అన్నాడు డాక్టరు. "నా దగ్గరికి ఒక్కరూ రాలేదే!"

"రాకుండా ఆపింది నేనే."

"సరే... సరే. తప్పకుండా పిలుద్దాం. ఒక్కొక్కరినీ నేనే చూస్తాను. కానీ రేపటి దాకా ఆగండి. రేపు పదింటికి తాళాలు చేతికి రానివ్వండి. ఇవాళ ఇది బయటికి పొక్కిందంటే కొంప మునుగుతుంది. ఏడాది, రెండేళ్ళు ఆగినవాళ్ళు ఒక్కరోజు ఆగలేరా?"

మాటలో తప్పేమీ కనిపించలేదు. కార్యదర్శి జీవితమంతా అలాంటి మాటలకు సరేనంటూ వచ్చినవాడే. ఒక్కరోజే కదా అని ఫైళ్ళు మళ్ళీ బీరువాలో సర్దడం మొదలుపెట్టాడు కూడా. అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడయింది. ముందు టీచరమ్మ, వెనక ఆయాసపడుతూ కూతురు.

"పొద్దుటి నుంచి ఒకటే పోరు మామయ్యా, ఆఫీసుకు తీసుకెళ్ళమని," అంది కూతురు. "అరచేతిలో రాసుకున్నది స్నానంలో చెరిగిపోతుందని స్నానం కూడా చేయలేదు."

టీచరమ్మ బల్ల ముందు కూర్చుని జాబితా దగ్గరికి లాక్కుంది. పైనుంచి కిందికి వేలు పెట్టి చదివింది. అందులో సగం మందికి ఆవిడే చప్పట్లతో పాట నేర్పింది.

"నంబరు నొక్కు," అంది.

"రేపు కార్యక్రమం అయ్యాక చేద్దామనుకుంటున్నాం అక్కయ్యా..."

"రేపటికి నాకు గుర్తుంటుందో లేదో. నొక్కు."

కార్యదర్శి జాబితాలో చేతికి వచ్చిన నంబరు నొక్కాడు. దర్జీ ఇల్లు. అందరికీ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టాడు. నాలుగు మోతల తర్వాత ఒక ఆడగొంతు పలికింది, దర్జీ కోడలు.

"మేం జ్ఞాపకశక్తి సంఘం నుంచి మాట్లాడుతున్నామమ్మా," అన్నాడాయన. "మీ మామగారికి మేం చేసిన పరీక్షలో పొరపాటు జరిగింది. పొరపాటు మాదే. ఆయన్ను మళ్ళీ ఒకసారి డాక్టరుకు చూపించాలి."

"ఏం పొరపాటండీ?" అంది కోడలు. "ముప్పైకి ముప్పై వచ్చాయని మీరే రాసిచ్చారు కదా. ఏమీ లేదని ముద్ర కూడా వేశారు. ఆ కాగితం గోడకి అంటించుకున్నాం."

"అది తప్పమ్మా. ఆయనకు జబ్బు ఉండి ఉండొచ్చు."

అవతల కుక్కరు కూత వేసి ఊరుకుంది. మళ్ళీ మాట్లాడేసరికి ఆమె గొంతు మారిపోయింది.

"ఉండి ఉండొచ్చంటే? మరి మేం... మీరు ఏమీ లేదన్నారు కాబట్టేనండీ, మేం ఆయన కావాలని చేస్తున్నాడనుకున్నాం. నా మీద కోపంతో చేస్తున్నాడనుకున్నాం. కుళాయి కట్టేయకపోయినా, కూరలో నీళ్ళు పోసినా, పిల్లాణ్ణి ఎవరు నువ్వని అడిగినా... ఆ కాగితం చూపించి తిట్టేవాళ్ళం. ముప్పైకి ముప్పై వచ్చిన మనిషివి, ఎందుకిలా ఏడిపిస్తావని. మా ఆయన ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాడు." ఆమె వెక్కింది. "ఇప్పుడు కూడా గదిలో పెట్టి బయట గడియ పెట్టానండీ. వంటయ్యే దాకా."

కాగితం మూలనున్న 'శభాష్' కార్యదర్శి కళ్ళ ముందే ఉంది. ఆ మాట రాసింది, ఆ ముసలివాణ్ణి కొట్టించింది, గదిలో పెట్టించింది ఈ చెయ్యేనని ఆయనకు స్పష్టంగా తెలిసింది. కౌన్సెలరు అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టీచరమ్మ కూతురు గోడకు జారగిలబడి తన చేతిసంచీని గట్టిగా పట్టుకుంది. తల్లి ఫోనూ, స్కూటరు తాళాలూ ఇంకా అందులోనే ఉన్నాయి.

టీచరమ్మ ఫోను తన వైపు జరుపుకుంది.

"ఏడవకు తల్లీ. ముందు వెళ్ళి ఆ గడియ తియ్యి. తీసి ఫోను ఆయనకివ్వు."

"ఆయనకా? ఆయనతో ఏం మాట్లాడతారండీ? సరిగ్గా..."

"ఆయన సంగతి ఆయనతోనే మాట్లాడతాను. ఇవ్వమ్మా."

చెప్పుల చప్పుడు. గడియ గీరుకుంటూ జరిగిన చప్పుడు. ఆ తర్వాత బొంగురుగా, కొంచెం భయంగా ఒక గొంతు.

"ఎవరూ?"

"నేనండీ, టీచర్ని. మీ చేత గొడుగు, నిమ్మకాయ పాడించిన టీచర్ని."

"ఆ... ఆ," అంది గొంతు, పోల్చుకున్నట్టూ లేదు, పోల్చుకోనట్టూ లేదు.

"నాకు మతిమరుపు జబ్బొచ్చిందండీ. అందుకని చేశాను. వస్తువులు ఎక్కడ పెట్టానో తెలియదు. బస్సు దిగితే ఇల్లెటో తెలియదు. మొన్న అందరి ముందూ తప్పు చెప్పాను, తప్పని కూడా తెలియలేదు. మీకూ అలాగే ఉంటోందా?"

"సూదిలోకి దారం ఎక్కిస్తానండీ," అంది ఆ గొంతు. "ఎక్కించాక ఎందుకెక్కించానో తెలియదు. చెబితే నమ్మరు."

"నేను నమ్ముతున్నాను. అది జబ్బేనండీ. మీరు చేస్తున్నది కాదు."

"జబ్బా?"

"జబ్బే. మేమే కనుక్కోలేకపోయాం. తప్పు మాది."

అవతల ఏదో కింద పడ్డ చప్పుడయింది. తర్వాత ఆ ముసలాయన ఫోను పక్కకు పెట్టి, ఇల్లంతా వినపడేలా అరిచిన అరుపు బల్ల మీది ఫోనులోంచి గదిలో మోగింది.

"అమ్మాయ్! విన్నావా? కావాలని కాదంట! నేను కావాలని చేయట్లేదంట!"

కోడలు ఏడుస్తూ ఏదో అంది. ఏమందో తెలియలేదు. కార్యదర్శి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోబోయి, తుడుచుకోలేక అలాగే చేతిలో పట్టుకున్నాడు. టీచరమ్మ కూతురు వచ్చి తల్లి కుర్చీ పక్కన నేల మీద కూలబడింది.

కాసేపటికి కోడలే మళ్ళీ ఫోనులోకి వచ్చింది.

"ఎప్పుడు తీసుకురమ్మంటారండీ?"

టీచరమ్మ కార్యదర్శి వైపు చూసింది. ఆయన ముందు రేపటి ఆహ్వాన పత్రికల కట్ట ఉంది. పైపత్రిక మీద బంగారు రంగు అక్షరాల్లో భవనం బొమ్మ కింద సమయం అచ్చు వేసి ఉంది.

"రేపు ఉదయం పదింటికమ్మా," అన్నాడాయన. "ఆఫీసుకు కాదు, వెనకాల తోట ఉన్న కొత్త భవనానికి తీసుకురండి. డాక్టరు గారు అక్కడే ఉంటారు."

ఆ సాయంత్రంలోపు మిగిలిన ఇరవై రెండు ఇళ్ళకూ ఆయన అదే చోటు, అదే సమయం చెప్పాడు.